పోగులు లెక్కపెట్టే అద్దం స్టాంపుల దగ్గరికి ఎలా వచ్చింది

1869 ఫిబ్రవరిలో హైదరాబాదు గద్దెకెక్కేనాటికి మహబూబ్ అలీ ఖాన్‌కు మూడేళ్లు కూడా నిండలేదు. ఆయన పేరు మీద సాలార్‌జంగ్, షంసుల్ ఉమ్రా పాలన నడిపారు. ఆ ఏడాదే సెప్టెంబరు 8న నిజాం రాజ్యం తన మొదటి తపాలా బిళ్లను తెచ్చింది. విలువ ఒక అణా, రంగు ఆలివ్ పచ్చ. బొమ్మ చెక్కింది రాప్‌కిన్ అనే పనివాడు, ప్లేట్లు చేసిచ్చింది లండన్‌లోని నిస్సెన్ అండ్ పార్కర్ సంస్థ. ఇరవై ఏళ్లు దాటాక, 1890లో, మన పాలమూరు ఆ నిజాం పేరుతోనే మహబూబ్‌నగర్ అయింది.

మొదటి బిళ్ల వచ్చిన మరుసటి ఏడాది, 1870 మే నెలలో, ఇంకో రెండు బిళ్లలు వచ్చాయి. అర అణాది గోధుమ రంగు, రెండణాలది పచ్చ రంగు. సేకర్తలు వీటిని స్కెలిటన్ స్టాంపులంటారు. నిజాం బిళ్లలన్నిట్లో నాకు ఇవంటేనే ప్రాణం. వీటి ప్లేట్లు లండన్‌లో కాదు, ఇక్కడే చెక్కారు. ఒక్కో విలువకు 240 బొమ్మలు, ప్రతి బొమ్మా చేత్తో విడిగా చెక్కిందే. అందుకని 240 బిళ్లల్లో ఏ రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు. ఒకదాంట్లో అక్షరం చివర కాస్త వంగుతుంది, ఇంకోదాంట్లో చుక్క పక్కకు జరుగుతుంది, మరోదాంట్లో గీత అంచును తాకకుండా ఆగిపోతుంది. ఉలి పట్టిన ఆ మనిషి పేరు మనకు దక్కలేదు గాని, ఆయన చెయ్యి ఎక్కడెక్కడ కదిలిందో మాత్రం ఇవాళ్టికీ ఆ కాగితం మీద ఉంది.

లండన్ పద్ధతి దీనికి పూర్తిగా వేరు. 1840 మేలో బ్రిటన్ తెచ్చిన పెన్నీ బ్లాక్ ప్రపంచంలో మొదటి అంటించే తపాలా బిళ్ల. దాని షీటులోనూ 240 బిళ్లలే. పౌనుకు 240 పెన్నీలు కాబట్టి ఒక షీటు ధర సరిగ్గా ఒక పౌను. బొమ్మను మాత్రం ఒక్కసారే ఉక్కు మీద చెక్కి, దాన్ని మెత్తటి ఉక్కు రోలరు మీదికి ఎక్కించి, రోలరును గట్టిపరిచి, ప్లేటు మీద 240 సార్లు అదిమారు. బొమ్మలన్నీ ఒకేలా వచ్చాయి. దొంగ బిళ్లలను అడ్డుకోవడానికి కింది మూలల్లో బిళ్లబిళ్లకూ మారే ఇంగ్లీషు అక్షరాలు వేశారు, ఏది ఏ వరసలోదో వాటితోనే తెలుస్తుంది. మన స్కెలిటన్ బిళ్లకు అలాంటి గుర్తులు అక్కర్లేదు. చెక్కిన తీరే దాని చిరునామా. జంటలుగా, గుంపులుగా దొరికిన బిళ్లలను పక్కపక్కన పెట్టి, ఏ బొమ్మ పక్కన ఏ బొమ్మ ఉందో పోల్చుకుంటూ మొత్తం షీటును మళ్లీ కూర్చేవాళ్లున్నారు. ఏళ్ల తరబడి సాగే పని అది.

మామూలు కంటికి ఆ తేడాలు అందవు, భూతద్దం కావాలి. ఏ భూతద్దమన్నది తేలాలంటే అద్దాలు ఎవరి అవసరానికి పుట్టాయో ముందు చూడాలి. నాకు తెలిసినంతలో, స్టాంపులు చూసేవాళ్ల కోసమని ఎవరూ ప్రత్యేకంగా కటకం కనిపెట్టలేదు. మన బల్ల మీదున్న అద్దాలన్నీ చదువరుల దగ్గర, బట్టల వర్తకుల దగ్గర, ప్రకృతి పరిశీలకుల దగ్గర, వజ్రాల వాళ్ల దగ్గర తెచ్చుకున్నవే. ఎవరి దగ్గర తెచ్చుకున్నది ఏ పనికి అక్కరకొస్తుందో తెలిస్తే సగం ఎంపిక అయిపోయినట్టే.

ఈ కథలో ఒక పుట హైదరాబాదులోనే అచ్చయింది. బస్రాలో పుట్టి కైరోలో స్థిరపడిన ఇబ్న్ అల్-హైతమ్ పదకొండో శతాబ్దం మొదట్లో కాంతి మీద పెద్ద గ్రంథం రాశాడు. వస్తువు నుంచి వచ్చే కాంతి కంటిలో పడితేనే చూపు అని ప్రయోగాలతో నిరూపించాడు. గోళాకారపు గాజులోంచి చూస్తే వస్తువు పెద్దదిగా కనబడటాన్ని లెక్కలతో పరిశీలించాడు. దాదాపు మూడు వందల ఏళ్ల తర్వాత కమాలుద్దీన్ అల్-ఫారిసీ ఆ గ్రంథానికి వ్యాఖ్యానం రాశాడు. ఆ వ్యాఖ్యానాన్ని 1920ల చివర్లో రెండు సంపుటాలుగా అచ్చువేసింది మన దాయిరతుల్ మారిఫ్. 1888లో, అదే మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, మొదలైన ప్రచురణ సంస్థ అది. ప్రపంచంలో కాంతిశాస్త్ర చరిత్ర రాసేవాళ్లు ఈనాటికీ ఆ హైదరాబాదు ముద్రణను ఉటంకిస్తారు. నిజాం మొదటి స్టాంపు తెచ్చిన ఊరే కాంతి గురించిన ఆ వ్యాఖ్యానాన్నీ లోకానికి అందించిందంటే, తెలంగాణ సేకర్తగా నాకు ఎంతో సంతోషం.

ఇబ్న్ అల్-హైతమ్ అరబ్బీ గ్రంథం లాటిన్‌లోకి వెళ్లాక యూరప్‌లో రోజర్ బేకన్ 1267 ప్రాంతంలో, గోళం నుంచి కోసిన గాజు ముక్కను బోర్లించి అక్షరాల మీద పెడితే అవి పెద్దవై కనిపిస్తాయని రాశాడు. చూపు తగ్గిన పెద్దవాళ్లకు పనికొస్తుందని కూడా చెప్పాడు. ఆ శతాబ్దం ముగిసేలోపే ఇటలీలో కళ్లద్దాలు పుట్టాయి. పిడి పట్టుకుని పేపరు చదివే భూతద్దం ఈ వంశంలోదే. రెండు మూడు రెట్లు పెంచుతుంది, వెడల్పుగా ఉంటుంది, ఆల్బం పుటంతా ఒక్క చూపులో తిప్పి చూడొచ్చు. చిరుగు, మడత, మరక, బిళ్ల అంచున పోయిన పన్ను, ఇవన్నీ దానికి అందుతాయి. స్కెలిటన్ బిళ్లలో గీత వంపు మాత్రం అందదు.

రెట్ల లెక్క ఇక్కడే చెప్పుకోవాలి. మామూలు కన్ను 250 మిల్లీమీటర్ల దూరంలో హాయిగా చూడగలదని ఒక ఒప్పందం. ఆ 250ని కటకం నాభ్యంతరంతో, అంటే దూరపు వెలుతురును కటకం ఒక చోట చేర్చే దూరంతో, భాగిస్తే వచ్చేదే రెట్ల సంఖ్య. నాభ్యంతరం 100 మిల్లీమీటర్లయితే రెండున్నర రెట్లు, 50 అయితే 5 రెట్లు, 25 అయితే 10 రెట్లు. అంటే పది రెట్ల అద్దంతో చూడాలంటే బిళ్ల అద్దానికి అంగుళం దూరంలోకి రావాలి. రెట్లు పెరిగేకొద్దీ అద్దం చిన్నదవుతుంది, కనబడే మేర తగ్గుతుంది, మన తల నీడే బిళ్ల మీద పడుతుంది. ‘ఎన్ని ఎక్కువ రెట్లుంటే అంత మంచిది’ అనుకుని కొన్న అద్దాలు చాలా ఇళ్లల్లో సొరుగు దాటి బయటికి రాకపోవడానికి కారణం ఇదే.

పోగుల కథ హాలెండ్‌లోని డెల్ఫ్ట్ పట్టణంలో మొదలవుతుంది. ఆంటోని వాన్ లేవెన్‌హుక్ (1632–1723) చదువుకున్న శాస్త్రవేత్త కాదు, బట్టల వ్యాపారి. ఆ వ్యాపారంలో నేత నాణ్యం తేల్చడానికి చిన్న కటకంతో పోగులు చూసేవాళ్లు. ఆయన ఆ అలవాటుతో ఆగకుండా తానే గాజు కరిగించి, అరగదీసి, చిన్న పూసంత కటకాలు చేసుకున్నాడు. వాటిలోంచి చెరువు నీళ్లలో, పంటి పాచిలో ఎవరూ చూడని జీవులను చూసి, 1673 నుంచి లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరాలు రాశాడు. ఇప్పుడు మిగిలిన ఆయన కటకాల్లో మేటిది ఉట్రెక్ట్‌లో ఉంది, 266 రెట్లు పెంచుతుంది. 250ని 266తో భాగించి చూడండి, నాభ్యంతరం ఒక మిల్లీమీటరు కూడా లేదు. స్టాంపుకు అది అక్కర్లేదు. ఆయన వదిలి ముందుకెళ్లిన మొదటి అద్దమే, పోగులు లెక్కపెట్టే ఆ చిన్నదే, మనకు కావాలి.

దానికి ఇవాళ మన దేశంలో బట్టల వ్యాపారంలో వాడే పేరు పిక్ గ్లాస్. ఇత్తడితోనో ఇనుముతోనో చేసిన మూడు చిన్న పలకలు మడతబందులతో కలిసి ఉంటాయి. విప్పితే అడుగున చదరపు కిటికీ, నిలువుగా ఒక ఊతం, పైన కటకం. కిటికీ ఒక అంగుళం, అర అంగుళం కొలతల్లో ఉంటుంది, అంచున గీతలు చెక్కి ఉంటాయి. గుడ్డ మీద నిలబెట్టి, కటకంలోంచి చూస్తూ, సూదిమొనతో జరుపుకుంటూ అంగుళానికి పడుగు పోగులెన్ని, పేక పోగులెన్ని అని లెక్కిస్తారు. దూరం ముందే సరిచేసి ఉంటుంది కాబట్టి చెయ్యి వణికినా బొమ్మ చెదరదు. సాధారణంగా ఇవి 5 నుంచి 10 రెట్ల దాకా పెంచుతాయి.

గద్వాల, నారాయణపేట, పోచంపల్లి, పుట్టపాక ఉన్న నేల మనది. గద్వాల చీరలో నూలు ఒంటికి పట్టు అంచు కలిసే చోటు, పోచంపల్లిలో ముందే కట్టి రంగులద్దిన నూలు మగ్గమెక్కాక రంగు పక్క పోగులోకి ఎంత పాకిందన్న సంగతి, ఇవి పోగు పోగునా చూసి తేల్చే విషయాలు. నేత పల్లెల్లో అనుభవమున్న పెద్దలు వేలితో తడిమే చెప్పేస్తారు. సరుకు కొనేవాళ్లు, నాణ్యం పరీక్షించేవాళ్లు మాత్రం అద్దం పెడతారు. ఆ అద్దాన్ని స్టాంపు మీద పెట్టి చూడమని నేను అందరికీ చెబుతాను. అంగుళం కిటికీలో చిన్న బిళ్ల దాదాపు పూర్తిగా ఇముడుతుంది. రెండు చేతులూ ఖాళీ. ఒక చేతిలో పట్టకారు, ఇంకో చేతిలో పెన్సిలు పట్టుకుని తేడాలు రాసుకుంటూ పోవచ్చు. కాకపోతే లోహపు అడుగును నేరుగా బిళ్ల మీద ఆనించకండి. మధ్యలో పలచటి పారదర్శకపు ప్లాస్టిక్ రేకు పరిస్తే గీత పడదు.

పోగుల లెక్క, పళ్ల లెక్క ఒకే కొలత విద్య. బిళ్లలు విడదీయడానికి చుట్టూ వేసే చిల్లులను రెండు సెంటీమీటర్లకు ఎన్ని అని లెక్కిస్తారు. ఈ కొలతను 1866లో పారిస్‌లో డాక్టర్ లెగ్రాండ్ ప్రవేశపెట్టాడు. నిజాం బిళ్లల్లో ఈ లెక్క చాలా ముఖ్యం. 1871 నుంచి 1909 దాకా దాదాపు నలభై ఏళ్లు ఒకే బొమ్మల వరస నడిచింది, అర అణా మొదలు పన్నెండణాల వరకు. కొన్ని గరుకైన 11½ పళ్లవి, కొన్ని సూదితో పొడిచినట్టుండే 8–9వి, మిగిలినవి 12½వి. బొమ్మ ఒకటే, అచ్చు కాలం వేరు, ధరలో తేడా పెద్దది. మిల్లీమీటర్ల గీతలున్న పిక్ గ్లాస్ దొరికితే పళ్ల కొలమానం పక్కన లేకపోయినా 20 మిల్లీమీటర్లలో చిల్లులు లెక్కపెట్టేయొచ్చు. సూదిపోటులో కాగితం తెగదు, పక్కకు తోసుకుంటుంది. అసలు చిల్లులో కాగితం గుండ్రంగా ఊడిపోతుంది. ఈ రెంటి తేడా ఐదు రెట్లలోనే స్పష్టం.

ఒంటి కటకానికి రెండు జబ్బులున్నాయి. అంచుల్లో గీతలు వంగుతాయి, ప్రతి గీత చుట్టూ నీలం, ఎరుపు అంచు పడుతుంది. రంగు అంచు స్టాంపులకు ప్రాణాంతకం. ఆలివ్ పచ్చా, మామూలు పచ్చా అన్న తేడా మీద బిళ్ల జాతకం ఆధారపడుతుంది, అద్దమే రంగు కలిపితే తీర్పు ఎలా చెబుతాం? దీన్ని మొదట సరిచేసింది వృత్తిరీత్యా వకీలైన చెస్టర్ మూర్ హాల్. 1733 ప్రాంతంలో రెండు రకాల గాజులను జతచేసి, ఒకటి విడదీసిన రంగులను ఇంకోటి దగ్గరికి చేర్చేలా చేశాడు. 1758లో జాన్ డాలండ్ దానికి పేటెంటు పొంది దూరదర్శినుల్లో స్థిరపరిచాడు. చేతి అద్దం దాకా రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

మధ్యలో ఇంగ్లండ్, స్కాట్లండ్ వాళ్లు వంపు జబ్బును పట్టారు. 1812లో విలియం వోలాస్టన్ రెండు గాజు ముక్కల మధ్య చిన్న రంధ్రమున్న రేకు పెట్టి, అంచుల కిరణాలను ఆపాడు. డేవిడ్ బ్రూస్టర్ ఒకే గాజు గోళానికి నడుము చుట్టూ గాడి తీసి అదే పని సాధించాడు. కేంబ్రిడ్జి గణితవేత్త హెన్రీ కాడింగ్టన్ తానేదో కనిపెట్టానని చెప్పుకోలేదు, దాని గుణాలు వివరించి ప్రచారం చేశాడు. అయినా దానికి కాడింగ్టన్ లెన్స్ అన్న పేరే నిలిచింది. మొక్కలు, రాళ్లు వెతుక్కుంటూ తిరిగేవాళ్ల జేబుల్లో అది చాలా కాలం ఉంది. పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో జర్మనీలో స్టైన్‌హైల్, ఆ తర్వాత అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు చార్లెస్ హేస్టింగ్స్ రెండు జబ్బులకూ కలిపి మందు కనుగొన్నారు. మధ్యలో క్రౌన్ అనే రకం గాజు, అటూ ఇటూ ఫ్లింట్ అనే ఇంకో రకం గాజు, మూడూ జిగురుతో అతికి ఒక్కటై ఉంటాయి. అప్పట్లో ఆ జిగురు కెనడాలో పెరిగే ఒక చెట్టు బంక. దీన్నే ట్రిప్లెట్ అంటాం. వజ్రం స్వచ్ఛతను ప్రపంచమంతా పది రెట్ల ట్రిప్లెట్‌తోనే తేలుస్తుంది.

సికింద్రాబాదులోనో ఆబిడ్స్‌లోనో కొంటున్నప్పుడు పది రెట్ల ట్రిప్లెట్ ఒకటి తప్పకుండా తీసుకోండి, కానీ రెండో అద్దంగా. దాని అసలు పని అనుమానం తీర్చడం. 1873 నుంచి నిజాం ప్రభుత్వం తన కార్యాలయాల ఉత్తరాలకు మామూలు బిళ్లల మీద ‘సర్కారీ’ అని ఉర్దూలో అదనపు అచ్చు వేయించింది. ఆ మాట తర్వాత ఎవరైనా వేసి అమ్మితే? వాడిన బిళ్ల మీద తపాలా ముద్ర ఉంటుంది కదా. పది రెట్లలో రెండు సిరాలు ఒకదాన్నొకటి దాటే చోటు చూడండి. సర్కారీ మాట కింద, ముద్ర పైన ఉండాలి. తపాలా ముద్ర మీదుగా సర్కారీ సిరా పోతే ఆ మాట బిళ్ల వాడాక వచ్చిందన్నమాట. వెలుతురును పక్క నుంచి వాలుగా పంపితే ఇంకో సంగతి తెలుస్తుంది. లోహంలో చెక్కిన గాడుల నుంచి వచ్చిన సిరా కాగితం మీద సన్నటి గట్టులా పైకి తేలి ఉంటుంది. రాతి అచ్చుతోనో, ఇప్పటి ఆఫ్‌సెట్‌తోనో చేసిన నకలు చదునుగా పడుకుంటుంది. తల మీద దీపం ఉన్న అద్దాల్లో ఈ గట్టు మాయమవుతుంది. అందుకే అద్దానికి అతికించిన ఎల్‌ఈడీ కన్నా, పక్కన వంచుకోగల చిన్న బల్లదీపం మేలని నా అభిప్రాయం.

అదే వరసలో 1926 నుంచి నాసిక్‌లో అచ్చయిన భారత బిళ్లలను, ఈమధ్య హైదరాబాదు సెక్యూరిటీ ప్రింటింగ్ ప్రెస్‌లో అచ్చయినవాటిని కూడా చూడండి. 2000లో మన పాలమూరు బిడ్డ బూర్గుల రామకృష్ణారావు మీద వచ్చిన బిళ్లను, నిజాం కాలంలో 1931 వరసలోని ఒక అణా చార్మినార్ బిళ్లను పక్కపక్కన పెట్టండి. కొత్త బిళ్లలో బొమ్మ సన్నటి చుక్కలుగా విడిపోతుంది, చార్మినార్ గీతలుగానే నిలుస్తుంది. పిల్లలకు అచ్చు పద్ధతుల పాఠం ఇంతకన్నా బాగా చెప్పలేం. నిజాం బిళ్లల మీద విలువను ఉర్దూ, ఇంగ్లీషులతో పాటు మరాఠీలో, తెలుగులో కూడా వేశారు. ఆ తెలుగు అక్షరాలు బియ్యపుగింజ కన్నా చిన్నవి, తెలుగు రాని చెయ్యి చెక్కిందేమో అనిపించే వంకరలు వాటిలో ఉంటాయి. మొదటిసారి పిక్ గ్లాస్ కింద వాటిని కూడబలుక్కుని చదివినప్పుడు నా కళ్లు చెమర్చాయి.

ఈ బిళ్లలు నల్లగొండ, మహబూబ్‌నగర్ ఇళ్లల్లో ఇంకా ఉన్నాయి. నిజాం తపాలా 1950 ఏప్రిల్ 1న భారత తపాలాలో కలిసింది. అంతకు ముందటి ఉత్తరాలు పట్వారీల, వర్తకుల పాత ట్రంకు పెట్టెల్లో దస్తావేజుల మధ్య దొరుకుతాయి. దస్తావేజుకు, రసీదుకు అంటించినది రెవెన్యూ బిళ్ల, ఉత్తరానికి అంటించినది తపాలా బిళ్ల, రెండింటినీ కలపకండి. ఉత్తరం నుంచి బిళ్లను కత్తిరించకండి, నీళ్లలో నానబెట్టకండి. ఊరి పేరు, తేదీ ఉన్న ముద్రతో సహా కవరు మొత్తం ఉంటేనే అది మన జిల్లా చరిత్ర. కత్తిరించిన బిళ్ల ఏ ఊరిదో మరి తేలదు. ఆ ముద్రలోని ఊరి పేరు చదవడానికి కూడా పిక్ గ్లాసే సరిపోతుంది.

తపాలా శాఖ 2017లో ‘స్పర్శ్’ పేరుతో ఒక ఉపకారవేతనం మొదలుపెట్టింది. 6 నుంచి 9వ తరగతి దాకా చదివే, స్టాంపులు సేకరించే పిల్లలకు ఏడాదికి 6,000 రూపాయలు. బడిలో ఫిలాటెలీ క్లబ్బు పెట్టదలిచిన ఉపాధ్యాయులు మొదటి కొనుగోలుగా ఖరీదైన సూక్ష్మదర్శిని గురించి ఆలోచించనక్కర్లేదు. ఒక పిడి అద్దం, ఒక అంగుళం పిక్ గ్లాస్, మొన గుండ్రంగా ఉన్న పట్టకారు చాలు. ఫోనుకు తగిలించే డిజిటల్ సూక్ష్మదర్శినులు ఫొటో తీసి ఇంకొకరికి పంపడానికి బాగుంటాయి, పక్కపక్క బిళ్లలను వేగంగా పోల్చడానికి కంటికి ఆనే గాజే హాయి. పలచటి ప్లాస్టిక్ రేకు భూతద్దాలు వద్దు. దీపస్తంభాల కోసం 1820లలో ఫ్రెనెల్ చేసిన గాడుల కటకానికి అవి చౌక నకళ్లు, గాడులే బిళ్ల గీతల్లా కనిపిస్తాయి.

కొనే ముందు షాపులోనే రెండు పరీక్షలు చేయండి. గళ్ల కాగితం మీద అద్దం పెట్టి అంచు దాకా చూడండి. మధ్యలో తిన్నగా ఉన్న గీత అంచులో వంగినా, పక్కన రంగు కనిపించినా ఆ అద్దం పక్కన పెట్టేయండి. తర్వాత దూరంగా ఉన్న కిటికీ వెలుతురు అద్దంలోంచి గోడ మీద పడేలా పట్టుకుని, కిటికీ బొమ్మ తేటగా వచ్చే చోట అద్దానికీ గోడకూ మధ్య దూరాన్ని స్కేలుతో కొలవండి, అదే నాభ్యంతరం. 250ని ఆ మిల్లీమీటర్లతో భాగించండి. మీద 30 రెట్లు అని రాసి ఉన్న చౌక అద్దం ఈ లెక్కలో చాలాసార్లు పదికి దగ్గర్లో తేలుతుంది. అప్పుడు దానికి పది రెట్ల ధరే ఇవ్వండి.